‘రావు’కీ ‘రాలేదు’కీ నడుమ

ఫలితాలు వచ్చిన సాయంత్రం మన ఇళ్ళలో క్రియాపదాలను కాస్త చెవిపెట్టి వినండి. తొంభై దాటిన పిల్లవాడు ‘‘తొంభై రెండు తెచ్చుకున్నా’’ అంటాడు. ముప్పై దగ్గర ఆగిపోయినవాడు ‘‘ముప్పయ్యే వేశారు’’ అంటాడు. ఇంకా కిందికి జారితే ‘‘లెక్కలు పోయాయి’’ అంటాడు, ఆ లెక్కలు తమంతట తామే చెప్పులేసుకుని గడప దాటి వెళ్ళిపోయినట్టు. తెచ్చుకున్నది తను, వేసింది వాళ్ళు, పోయింది అది. కర్త ఎక్కడ కనబడాలో, ఎక్కడ మాయమవ్వాలో పిల్లలకు ఏ తెలుగు మాస్టారూ నేర్పలేదు. మన మాటలు వింటూ వాళ్ళే పట్టేశారు.

దీన్ని చూసి నవ్వుకోవడానికి మనకో సామెత ఉంది: ఆడలేక మద్దెల ఓడు. కానీ ఆ సామెత ఒక రకం పిల్లల్నే వెక్కిరిస్తుంది. అదే ఇంట్లో, అదే సాయంత్రం, మద్దెలను పల్లెత్తు మాట అనకుండా ‘‘నాకు లెక్కలు రావు, నా బుర్ర అంతే’’ అని గోడవైపు తిరిగి పడుకునే పిల్ల కూడా ఉంటుంది. తప్పు తనమీదే వేసుకుంది కదా, నిజాయితీ గల పిల్ల అని పెద్దవాళ్ళు జాలిపడతారు. నాకు సాకులు చెప్పేవాడి కన్నా ఈ పిల్ల గురించే ఎక్కువ భయం.

గెలిస్తే ఎందుకు గెలిచాం, ఓడితే ఎందుకు ఓడాం అని మనిషి తనకు తాను చెప్పుకునే కారణాన్ని మనస్తత్వ శాస్త్రంలో ‘ఆపాదన’ అంటారు. ఆ కారణం నిజమే కానక్కర్లేదు. అతను దాన్ని నమ్మితే చాలు, మర్నాటి పొద్దున అతను చేసే పని ఆ నమ్మకాన్ని బట్టే ఉంటుంది. వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఫ్రిట్జ్ హైడర్ 1958లో రాసిన పుస్తకంతో ఈ ఆలోచనకు పునాది పడింది. మామూలు మనుషులు కూడా తమ మేరకు చిన్నపాటి మనస్తత్వ శాస్త్రవేత్తలేనని, ఏది జరిగినా దాని వెనక కారణం వెతక్కుండా ఊరుకోరని ఆయన అన్నాడు. దాన్ని తరగతి గదిలోకి, మార్కుల దగ్గరికి తెచ్చినవాడు లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన బెర్నార్డ్ వైనర్. 1970ల మొదట్లో ఆయన, ఆయన సహచరులు ఈ కారణాలను స్థూలంగా నాలుగింటి కిందికి తెచ్చారు: సామర్థ్యం, ప్రయత్నం, పరీక్ష కష్టం, అదృష్టం. మన భాషలో బుర్ర, చదవడం, పేపరు, లక్కు.

ఇంటర్ ఫిజిక్స్‌లో అరవై మార్కుల పేపరుకు 19 వచ్చాయనుకుందాం. పాస్ మార్కుకు రెండు తక్కువ. అదే మార్కు నలుగురికి వచ్చింది. ఒకడు ‘‘పేపర్ టఫ్‌గా ఇచ్చారు, సగం సిలబస్‌లోనే లేవు’’ అన్నాడు. ఇంకొకడు ‘‘చదివినవి ఒక్కటీ పడలేదు, లక్కు లేదు’’ అన్నాడు. మూడోవాడు ‘‘రివిజన్ టైములో ఫోను పట్టుకు కూర్చున్నా’’ అన్నాడు. నాలుగో అమ్మాయి ‘‘ఫిజిక్స్ నా వల్ల కాదు’’ అంది. సప్లిమెంటరీకి నెలరోజులు ఉందనగా మొదటివాడు ఈసారి తేలిక పేపరు రావాలని ఎదురుచూస్తాడు. రెండోవాడు పెన్ను మారుస్తాడు, గుడికి వెళ్తాడు. మూడోవాడు, ఫోను అమ్మ చేతికిచ్చేస్తే, చదవచ్చు. నాలుగో అమ్మాయి పుస్తకం తెరవదు. తెరిచినా లాభం లేదని ఆమెకు ముందే తెలుసు మరి.

వైనర్ గొప్పతనం ఈ నాలుగు కారణాల పట్టికలో లేదు. అలాంటి పట్టిక ఏ టీచర్ల గదిలో కూర్చున్నా పావుగంటలో తయారవుతుంది. ప్రతి కారణాన్నీ ఆయన అడగమన్న మూడు ప్రశ్నల్లో ఉంది: ఇది నా లోపలిదా, బయటిదా? ఎప్పటికీ ఉండిపోయేదా, మారేదా? నా చేతిలో ఉందా, లేదా? ఒక్కో ప్రశ్న మనసులో ఒక్కో మీట నొక్కుతుంది. లోపలా బయటా అన్నది ఆత్మగౌరవాన్ని కదిలిస్తుంది. అదృష్టంతో వచ్చిన తొంభైకి గర్వం ఉండదు, కష్టపడి తెచ్చుకున్న అరవైకి ఉంటుంది. ఉండిపోయేదా మారేదా అన్నది రేపటి మీద ఆశను నిర్ణయిస్తుంది. చేతిలో ఉందా లేదా అన్నదాన్ని బట్టి మనసులో కలిగే బాధ రకమే మారిపోతుంది: చేయగలిగీ చేయలేదనుకుంటే అపరాధ భావం, అసలు చేతకాదనుకుంటే సిగ్గు. అపరాధ భావం మనిషిని లేపి కూర్చోబెడుతుంది. సిగ్గు గోడవైపు తిప్పి పడుకోబెడుతుంది.

వైనర్ అదృష్టాన్ని ఒకే గడిలో పెట్టాడు: బయటిది, మారేది, చేతిలో లేనిది. తెలుగువాళ్ళకు ఆ ఒక్క గడి చాలదు. మనకు లక్కు వేరు, గ్రహచారం వేరు, తలరాత వేరు. లక్కు ఆ పూటది. రేపు మళ్ళీ బొమ్మా బొరుసూ వేసుకోవచ్చు. గ్రహచారం కొన్నాళ్ళది, శని దిగిపోతే బాగుపడుతుందని అమ్మమ్మ ధైర్యం చెబుతుంది. తలరాత మాత్రం చెరగదు. ముగ్గురు పిల్లలు ముగ్గురూ ‘అదృష్టం బాగాలేదు’ అనే అంటారు గానీ, మొదటివాడు మర్నాడే కోలుకుంటాడు, రెండోవాడు పండగ దాకా ఆగుతాడు, మూడోవాడు చదువే మానేస్తానంటాడు. కాబట్టి పిల్లలు అదృష్టాన్ని తలచుకున్నంత మాత్రాన కంగారుపడక్కర్లేదు, ఏ అదృష్టమో కనుక్కుంటే చాలు. హాల్ టికెట్‌కు పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టే పిల్ల మిగతా అందరికన్నా బాగా చదివి ఉండవచ్చు కూడా.

ఇలాంటి తేడా మన వ్యాకరణంలోనే ఇంకొకటి ఉంది. ‘చదవలేదు’ అంటే జరిగిపోయిన ఒక సంగతి. ‘చదవడు’ అంటే వాడి స్వభావం. ‘లెక్కలు రాలేదు’ అంటే ఇప్పటిదాకా రాలేదు, రేపు రావచ్చు. ‘లెక్కలు రావు’ అంటే తలుపు మూసి గడియ పెట్టేశారు. ‘‘మావాడు చదవడండీ, బద్ధకస్తుడు’’ అని ఇంటికొచ్చినవాళ్ళ ముందు తండ్రి అన్నప్పుడు, మారగలిగిన ప్రయత్నాన్ని మారని గుణంగా చేసి కొడుకు మెడలో బిళ్ళ కట్టేస్తున్నాడు. ఆయన ఉద్దేశం అది కాదు. కానీ వినేవాడికి పద్నాలుగేళ్ళు; ఉద్దేశాలు పట్టించుకునే వయసు కాదు, మాటలు పట్టించుకునే వయసు.

ఈ గడియ తీయవచ్చా? 1975లో కెరోల్ డ్వెక్ అనే యువ పరిశోధకురాలు దీన్ని పన్నెండు మంది పిల్లలతో పరీక్షించి చూసింది. ఒక లెక్క తప్పితే చాలు, తర్వాతి లెక్కలు వచ్చినవే అయినా చేతులెత్తేసే పిల్లలు వాళ్ళు. సగం మందికి కొన్ని వారాల పాటు వాళ్ళు తప్పకుండా చేయగలిగే లెక్కలే ఇచ్చారు. ఆత్మవిశ్వాసం పెరుగుతుందని ఎవరైనా అనుకునే మందే అది. మిగతా సగానికి ఎక్కువగా గెలుపులే ఇచ్చినా, మధ్యమధ్య కావాలని కొన్ని ఓటములు కలిపారు. ఓడినప్పుడల్లా ‘ఇంకాస్త ప్రయత్నించి ఉండాల్సింది’ అని చెప్పారు. అంతా అయ్యాక రెండు గుంపులకూ ఓటమి రుచి చూపించారు. ఎప్పుడూ గెలుస్తూ వచ్చినవాళ్ళు మళ్ళీ పాత పద్ధతిలోనే కూలబడ్డారు. ఓటమిని మరోలా చదవడం నేర్చుకున్నవాళ్ళు తట్టుకున్నారు, కొందరు ముందుకన్నా బాగా చేశారు. తేలిక ప్రశ్నలతో స్లిప్ టెస్టులు పెట్టి పిల్లలకు ‘కాన్ఫిడెన్స్’ ఇస్తున్నామనుకునే వాళ్ళు ఈ పన్నెండు మందిని గుర్తుపెట్టుకోవాలి. పన్నెండు మంది చాలా చిన్న సంఖ్యే, నిజమే.

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం ‘కష్టే ఫలి’ అనే పాత పాఠం అవుతుంది. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

పరీక్ష హాలు బయట నిలబడి ఒక పావుగంట వినండి. ‘‘ఏమీ చదవలేదురా’’, ‘‘నేనైతే పుస్తకమే ముట్టలేదు’’, ‘‘రాత్రంతా నిద్రపోయా’’. అందరి కళ్ళూ ఎర్రగా ఉంటాయి. ఎవరూ చదవలేదు! ఈ అబద్ధం ఎందుకు? మార్టిన్ కోవింగ్టన్, క్యారల్ ఓమెలిక్ అనే ఇద్దరు పరిశోధకులు 1979లో దీనికి సూటిగా జవాబిచ్చారు. ప్రయత్నం రెండు వైపులా పదునున్న కత్తి అన్నారు వాళ్ళు. చదవకుండా తప్పితే ‘చదవలేదు కాబట్టి తప్పాడు’ అంటారు, బుర్ర మీద మాట రాదు. రాత్రింబవళ్ళు చదివి తప్పితే? అప్పుడు మిగిలే కారణం ఒక్కటే, బుర్ర. పిల్లలకు మార్కు పోవడం కన్నా బుర్ర లేదనిపించుకోవడం ఎక్కువ భయం. అందుకే ముందుగానే ఒక సాకు దాచుకుంటారు. కొందరు సాకును మాటల్లో దాచుకుంటారు. కొందరు నిజంగానే పరీక్ష ముందురోజు సినిమాకు వెళ్ళి దాచుకుంటారు. తన కాలికి తనే తాడు కట్టుకుని పరుగుపందేనికి దిగడం లాంటిది ఇది. దీన్ని స్టీవెన్ బెర్గ్లాస్, ఎడ్వర్డ్ జోన్స్ 1978లో ప్రయోగం చేసి మరీ చూపించారు. ‘‘తెలివైనవాడే, చదవడు గానీ’’ అని మనం ముద్దుగా చెప్పుకునే పిల్లల్లో కొందరు ఆ ‘తెలివైనవాడే’ అన్న మాటను కాపాడుకోవడానికే చదవరు.

కాబట్టి చదివి తప్పిన పిల్లకు ‘ఇంకా కష్టపడు’ అని చెప్పడం మందు కాదు, పుండు మీద కారం. ఆమె అప్పటికే పొద్దున నాలుగింటికి లేస్తోంది. నువ్వు చాలినంత చేయలేదంటే ఆమెకు వినబడేది, నీలాంటి వాళ్ళు ఇంతకు రెట్టింపు చేస్తే గానీ లాభం లేదని. ఇక్కడ కావలసింది మరో కారణం. వైనర్ నాలుగు గడుల్లో అది విడిగా లేదు, తర్వాత వచ్చినవాళ్ళు దానికి చోటిచ్చారు. చదివే పద్ధతి. అది లోపలిదే, మారేదే, చేతిలో ఉన్నదే. పైగా అది తప్పితే బుర్రకు మచ్చ రాదు.

మా ఎదురింటి అమ్మాయి సంగతి చెబుతాను. పదో తరగతి ప్రీ-ఫైనల్‌లో లెక్కల్లో నూటికి 41 వచ్చాయి. వాళ్ళమ్మ పిల్లను తీసుకుని మా వరండాలోకి వచ్చి ‘‘అన్నయ్యగారూ, దీనికి లెక్కలు ఎక్కవండీ. మా అత్తగారి వైపు ఎవరికీ రాలేదు’’ అంది. బుర్రకు వంశవృక్షం కూడా దొరికింది. పిల్ల తల వంచుకుని గోళ్ళు చూసుకుంటోంది. జవాబు పత్రం ఉందా అని అడిగాను. సంచిలో నలిగి ఉంది, మొదటి పేజీ మీది ఎర్ర అంకె తప్ప లోపల ఎవరూ చూడలేదు.

మిరప చేను ఎర్రబారితే రైతు గట్టు మీద కూర్చుని ‘నాకు సేద్యం రాదు’ అనడు. ముందు చేలోకి దిగి ఆకు తిప్పి చూస్తాడు. పురుగా, తెగులా, నీరు ఎక్కువైందా? మేమిద్దరం వరండాలో కూర్చుని ఆకులు తిప్పడం మొదలుపెట్టాం. పోయిన మార్కులు 59. ఒక్కో మార్కు పక్కనా పెన్సిల్‌తో ఎందుకు పోయిందో రాయమన్నాను. మొదట అన్నిటికీ ‘రాదు’ అనే రాసింది. రెండో చుట్టులో మారింది. త్రికోణమితి మొత్తం వదిలేసింది, 16 మార్కులు; ఆ పాఠాలు జరిగిన రెండు వారాలూ జ్వరంతో బడికి వెళ్ళలేదు. చివర్లో టైము చాలక వదిలేసినవి 8. మైనస్ గుర్తు పోగొట్టుకోవడం, ప్రశ్నలో 17ని జవాబులో 71గా దింపుకోవడం లాంటివి 13. జవాబు సరైనదే, మధ్య మెట్లు రాయక టీచరు కోసేసినవి 9. ఇవన్నీ పోగా, కూర్చోబెట్టి చెప్పినా ఆమెకు అప్పటికి అర్థంకానివి శ్రేఢుల్లోనూ సంభావ్యతలోనూ కలిపి 13.

యాభై తొమ్మిదిలో పదమూడు! ‘నాకు లెక్కలు రావు’ అన్న వాక్యం బరువు అంతే. మిగతా నలభై ఆరింటికీ వేరువేరు పేర్లున్నాయి: జ్వరం, గడియారం, చేతి పొరపాటు, మెట్లు. వంశవృక్షానికి వాటిలో చోటు లేదు. ఆ కాగితం చూసి వాళ్ళమ్మ ‘‘అంటే దీనికి వచ్చునా?’’ అంది. వచ్చూ అనలేదు, రావూ అనలేదు నేను. త్రికోణమితి ఎవరైనా చెప్పాలి అన్నాను.

పబ్లిక్ పరీక్షలో ఆ అమ్మాయికి 63 వచ్చాయి. నా వరండా లెక్కల వల్లే వచ్చాయని చెప్పుకోవాలని ఉంది. చెప్పుకుంటే, ఇంతసేపూ పిల్లల్లో నేను చూపిస్తున్న జబ్బు నాకూ ఉందని తేలుతుంది. వాళ్ళ టీచరు సెలవుల్లో క్లాసులు పెట్టి ఉండవచ్చు, ఆ ఏడు పేపరు తేలికై ఉండవచ్చు.

ఆ జబ్బు నాకూ ఉందన్నాను కాబట్టి పెద్దవాళ్ళ సంగతి కొంచెం చూద్దాం. పిల్లలు కారణాలను గాలిలోంచి తీసుకోరు. మన ముఖాల్లోంచి తీసుకుంటారు. సాండ్రా గ్రాహమ్ 1984లో అమెరికాలో ఆరో తరగతి పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. పిల్లలు పజిల్స్‌లో ఓడిపోయాక, ప్రయోగం నడిపే మనిషి కొందరిపై జాలి చూపింది, కొందరిపై కాస్త కోపం చూపింది. జాలి అందుకున్న పిల్లలు తమకు శక్తి లేదని అనుకున్నారు. కోపం అందుకున్నవాళ్ళు తాము సరిగా ప్రయత్నించలేదని అనుకున్నారు. ‘‘పాపం, వాడికి రావులెండి, వాణ్ణి అడక్కండి’’ అనే దయగల టీచరు తెలియకుండానే తీర్పు చెప్పేస్తోంది. ‘‘నువ్వు చేయగలవని తెలుసు కాబట్టే అడుగుతున్నా, ఎందుకు చేయలేదు?’’ అనే కోపంలో నమ్మకం ఉంది. బెత్తానికి ఇది అనుమతి పత్రం అనుకోకండి. 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ రెంటినీ నిషేధించింది. తిట్టుకూ ఈ కోపానికీ ఎంత దూరమో పిల్లలకు బాగా తెలుసు.

పొగడ్త సంగతి ఇంకా చిత్రం. 1998లో క్లాడియా ముల్లర్, డ్వెక్ కలిసి అయిదో తరగతి పిల్లలకు మొదట తేలిక పజిల్స్ ఇచ్చి, కొందరిని ‘నువ్వు చాలా తెలివైనదానివి’ అని, కొందరిని ‘బాగా కష్టపడ్డావు’ అని మెచ్చుకున్నారు. తర్వాత గట్టి పజిల్స్ ఇచ్చి ఓడించారు. మూడోసారి మళ్ళీ మొదటిలాంటివి ఇస్తే, తెలివిని పొగిడించుకున్నవాళ్ళు మొదటికన్నా తక్కువ చేశారు, కష్టాన్ని పొగిడించుకున్నవాళ్ళు ఎక్కువ చేశారు. ఇంకోచోటి పిల్లలకు తమ మార్కులు రాసి పంపమంటే, తెలివైనవాళ్ళమని పొగడ్త తిన్న పిల్లల్లో దాదాపు 40 శాతం మంది ఎక్కువేసి రాశారు. పేరు కూడా రాయక్కర్లేని కాగితం మీద అబద్ధం! ‘మా బంగారు తల్లి, ఎంత తెలివో’ అన్నది మనం తీపిగా అనే మాట. ఆ తీపి ఓటమి రాగానే విరిగిపోతుంది.

మన జూనియర్ కాలేజీలు ఈ పని ముఖకవళికలతో కాకుండా గోడల మీదే చేస్తాయి. వారాంతపు పరీక్ష మార్కుల్ని బట్టి సెక్షన్లు, సెక్షన్‌ను బట్టి లెక్చరర్లు. పదహారేళ్ళ పిల్లవాడు తన సెక్షన్ పేరునే తన బుర్ర పేరు అనుకోవడానికి ఒక టర్ము చాలు. కింది సెక్షన్‌కు కొత్త లెక్చరర్ వచ్చాడు, పాఠం వేగంగా లాగించేశాడు అన్నవి బయటి కారణాలు. వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ర్యాంకులు రాగానే హోర్డింగులు చూడండి. పదిలోపు ర్యాంకు వచ్చిన పిల్లవాడి ఫొటో పక్కన ‘మా విజయం’ అని కాలేజీ పేరు. తప్పిన వందల మంది పిల్లల పక్కన ఏ కాలేజీ పేరూ ఉండదు. గెలుపు సంస్థది, ఓటమి విద్యార్థిది. ‘తెచ్చుకున్నా’, ‘వేశారు’ అనే ఇంటి వ్యాకరణం ఇక్కడ ఫ్లెక్సీ సైజుకు పెరిగిందంతే.

ఇంతకన్నా లోతైన గోడ ఇంకొకటి ఉంది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతులు చదివే అగ్రకులాల, దళిత కులాల పిల్లల చేత కాగితం మీది చిక్కుదారి పజిల్స్ చేయించి, సరిగా చేసినదానికి డబ్బిచ్చారు. ఆ ఫలితాలు 2006లో ప్రచురించారు. ఎవరి కులం ఏమిటో ఎత్తనప్పుడు రెండు గుంపులూ ఇంచుమించు సమానంగా చేశాయి. అందరి ముందూ పేర్లతో పాటు కులం చదివి వినిపించాక దళిత పిల్లల ఫలితం పడిపోయింది. మధ్యలో ఎవరి బుర్రా మారలేదు. మారింది గదిలోని గాలి. ఆ పిల్లవాణ్ణి పక్కకు పిలిచి ఎందుకు తక్కువ చేశావని అడిగితే ‘నాకు రాదు సార్’ అనే అంటాడేమో. పిల్లలు చెప్పే కారణాన్ని వినాలి, కానీ దాన్నే తుది కారణంగా రాసుకోకూడదు.

ఆడపిల్లల సంగతీ ఇలాంటిదే, రెండు మాటల్లో చెబుతాను. డ్వెక్ బృందం 1978లో తరగతి గదుల్లో కూర్చుని టీచర్ల విమర్శలను రాసుకుంది. మగపిల్లలను తిట్టింది ఎక్కువగా అల్లరికీ, కుదురులేని రాతకూ. ఆడపిల్లలను తప్పుపట్టింది ఎక్కువగా జవాబు తప్పయినందుకే. అల్లరివాడు తిట్టును దులిపేసుకుంటాడు. కుదురుగా కూర్చున్న పిల్ల దాన్ని బుర్ర ఖాతాలో వేసుకుంటుంది.

ఈ కారణాలను మార్చడం వల్ల చదువు నిజంగా మారుతుందా? 1982లో తిమోతీ విల్సన్, ప్యాట్రీషియా లిన్‌విల్ అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో మార్కులు తక్కువొచ్చి దిగులుపడుతున్న మొదటి సంవత్సరం విద్యార్థులతో ఒక పని చేశారు. మొదటి ఏడు చాలామందికి మార్కులు తగ్గుతాయి, తర్వాత పెరుగుతాయి అన్న సమాచారమూ, పై తరగతుల వాళ్ళు తమ సంగతి చెప్పుకున్న వీడియోలూ కొందరికి చూపించారు. అంతే. రెండో సంవత్సరం చివరికి ఆ సమాచారం అందనివాళ్ళలో 25 శాతం మంది కాలేజీ మానేస్తే, అందినవాళ్ళలో మానేసింది 5 శాతమే. మొదటి సంవత్సరం ఇంజనీరింగ్‌లో తెలుగు మీడియం నుంచి వచ్చి బ్యాక్‌లాగ్‌లు పడ్డ పిల్లవాడికి, అదే ఊరి నుంచి వచ్చి నాలుగో సంవత్సరంలో ఉన్న సీనియర్ హాస్టల్ మెట్ల మీద కూర్చుని చెప్పే ‘నాకూ మూడు పోయాయి తమ్ముడూ’ అన్న మాట చేసే పని ఇదే.

అయితే ఇది మంత్రం కాదు. విల్సన్ అధ్యయనం చిన్నది. 2019లో డేవిడ్ యీగర్, ఆయన సహచరులు అమెరికా అంతటా దాదాపు 12 వేల మంది తొమ్మిదో తరగతి పిల్లలకు, తెలివి పెంచుకోగలిగినదే అని చెప్పే చిన్న ఆన్‌లైన్ పాఠం ఇచ్చి చూశారు. వెనకబడ్డ పిల్లల సగటు గ్రేడ్ నాలుగు పాయింట్ల కొలతలో పదో వంతు పాయింటు పెరిగింది. గంటలోపు పాఠానికి అది తీసిపారేసేది కాదు, జీవితాలు తలకిందులయ్యేంతా కాదు. ‘మైండ్‌సెట్’ పేరుతో వేలకు వేలు తీసుకుని వ్యక్తిత్వ వికాస శిబిరాలు పెట్టేవాళ్ళు ఈ పదో వంతు సంగతి చెప్పరు. కారణం మారినంత మాత్రాన త్రికోణమితి రాదు. త్రికోణమితి చెప్పే మనిషి కూడా ఉండాలి. కారణం మారితే పిల్ల ఆ మనిషి ముందు కూర్చుంటుంది.

ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడు. దీన్ని మరిచిపోతే ఈ శాస్త్రమంతా పిల్లల మీద నింద మోపే సాధనం అవుతుంది. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు మూడు లక్షల మందికి పైగా తప్పినట్టు చూపించారు. తెలుగులో సున్నా వేసిన ఒక అమ్మాయికి మళ్ళీ చూస్తే 99 అని తేలింది. గొడవలయ్యాక ప్రభుత్వం తప్పినవాళ్ళందరి పత్రాలూ ఉచితంగా తిరిగి పరిశీలింపజేస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. తొంభై తొమ్మిది చోట సున్నా పడితే పిల్ల నమ్మదు, నిలదీస్తుంది. ముప్పై ఎనిమిది చోట ముప్పై రెండు పడితే? ఎప్పుడూ నలభైల్లో ఉండే పిల్ల దాన్ని నమ్మేస్తుంది. తన గురించి ఆమెకు ముందే చెప్పి ఉంచిన కథకు ఆ అంకె సరిపోతుంది. తన ఓటమికి తనే కారణమని నమ్మడానికి అలవాటుపడ్డ పిల్లలు తప్పు దిద్దమని అడిగే వరసలో కూడా నిలబడరు.

కాబట్టి తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఫలితాల రోజున అంకె దగ్గర ఆగకండి, కాగితం అడగండి. బడి పరీక్షలైతే జవాబు పత్రం పిల్ల సంచిలోనే ఉంటుంది. ఇంటర్‌కు రుసుము కడితే రీ-వెరిఫికేషన్‌తో పాటు జవాబు పత్రం స్కాన్ కాపీ ఇస్తారు. గడువు కొద్ది రోజులే కాబట్టి మొదటి రోజే కనుక్కోండి. పిల్ల మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంటే కాగితం సంగతి తర్వాత, ముందు పక్కన కూర్చోండి. మీకు మాట తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి-మానస్ ఉంది. నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రిపూట కూడా ఎత్తుతారు.